నల్లమందు పెద్దాయన

గోదావరి గట్లు తెగిన ఏడు అది. యాభై మూడు. కొల్లేరు పొంగి లంకల్లో గడపలన్నీ మునిగాయి.

నీళ్లు తీశాక చూస్తే కైకలూరులో నల్లమందు కొట్టు లేదు. గోడ కూలి, సరుకు వరదలో కలిసిపోయింది.

ఒక లంకలో ముత్యాలరాజు మంచం పట్టాడు.

చలినీళ్లలో మొలలోతు దిగి చేపలు పట్టేవాళ్లు, నొప్పి తెలియకుండా బఠాణీ గింజంత నల్లమందు మింగడం అక్కడ మామూలే. ముత్యాలరాజు దిగడం మానేశాడు. మింగడం మానలేదు.

గట్టు మీద కూర్చుని నీళ్లకేసి చూసేవాడు. నీళ్లు మెల్లగా ఆకాశంలోకి పోతున్నట్టుండేది. కొంగలు నీళ్ల అడుగున ఎగురుతున్నట్టుండేది. ఎవరు పిలిచినా ఎక్కడో అవతలి ఒడ్డు నుంచి పిలిచినట్టుండేది.

మందు దొరక్కపోయేసరికి ఆ కల విరిగిపోయింది. ఎముకలు నులిమేసే నొప్పులు. కళ్లమ్మట, ముక్కమ్మట నీళ్లు. కడుపులో ఏదీ నిలవదు.

భార్య నాంచారమ్మ దిగులు వేరు. మగమనిషి నీళ్లలో దిగని ఇంటికి ఆ లంకలో చేపల వాటా లేదు. కార్తీకం వెళ్లేదాకా చూస్తారు. ఆ తర్వాత ఆ వాటా ఇంకొకరిది.

“నిరుడు నీ బదులు మా తమ్ముడు దిగాడు. ఇప్పుడు వాడికీ పెళ్లయింది, వాడి వాటా వాడిది. ఈసారి నువ్వే లేవాలయ్యా.”

“లేస్తానే.”

“మంచం లేస్తుందేమో గానీ నువ్వు లేవవు.”

ఒక ఉదయం మంచులోంచి ఒక తాటిదోనె వచ్చింది. మొదట దోనె కనపడలేదు. నీళ్ల మీద ఒక ముసలాయన నిలబడి వస్తున్నట్టే ఉంది. ఏ ఊరో ఎవరికీ తెలియదు. భుజాన సంచి.

ముత్యాలరాజు పాకినట్టుగా ఒడ్డుకి వెళ్లాడు. “మందుందా అండీ?”

“ఉంది.”

ఉండ నాలుక మీద పెట్టుకుని చూశాడు. చేదు. అసలు సరుకే.

“రెండివ్వండి.”

“ఒకటే. అదీ గంజి తాగాక.”

“తమరు బేరగాడా, మా అత్తగారా?”

ముసలాయన నవ్వలేదు. గంజి తాగేదాకా అక్కడే కూర్చున్నాడు.

అప్పట్నించి రోజూ వచ్చేవాడు. ఏది పెడితే అది తీసుకునేవాడు. పెట్టకపోయినా అడిగేవాడు కాదు.

మధ్యలో కొన్నాళ్లు ముత్యాలరాజుకి మళ్లీ వణుకు పట్టుకుంది.

“మీ సరుకు బలం తగ్గిందండీ.”

“తేమ పట్టింది,” అన్నాడు ముసలాయన. వేణ్ణీళ్లు అడిగి, తనే ఒళ్లు తుడిచాడు.

నాంచారమ్మకి ఆ మనిషిని చూస్తే ఒళ్లు మండేది.

“తమరికి దణ్ణం పెడతానండీ. వేరే లంకలు లేవా?”

“ఉన్నాయమ్మా. అక్కడికీ వెళ్తున్నాను.”

“ఎంతమంది కొంపలు ముంచుతారేంటి?”

ముసలాయన గెడ అందుకుని దోనె తోసుకుంటూ వెళ్లిపోయాడు.

కార్తీకం సగమైంది. నాంచారమ్మ కైకలూరు వెళ్లి, లైసెన్సు లేకుండా నల్లమందు అమ్ముతున్నాడని ఎక్సైజు వాళ్లకి చెప్పి వచ్చింది.

మర్నాడు దోనె ఒడ్డు తగలగానే జవాన్లు పట్టుకున్నారు. సంచి దులిపితే కొసన చిన్న నల్లమందు ముద్ద దొరికింది.

“నీదేనా?”

“నాదే బాబూ.”

వెళ్తూ వెళ్తూ ముసలాయన ఆగి, రొంటిన దోపుకున్న ఆ పూట ఉండ జవాన్ల కంటపడకుండా నాంచారమ్మ చేతిలో పెట్టాడు. “గంజి తాగాక ఇవ్వమ్మా.”

ఆమె గుప్పిట మూసింది. మొగుడికి ఇవ్వలేదు.

ఆ రోజంతా ఇద్దరూ వణుకు కోసం ఎదురుచూశారు. రాలేదు. ముత్యాలరాజు గంజి తాగాడు. ఇంకాస్త అడిగాడు. పొద్దు వాలగానే నిద్రపోయాడు.

తెల్లవారి లేచి, వల భుజాన వేసుకుని నీళ్లలో దిగాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. చల్లగా ఉన్నాయని ఎన్నాళ్లకో తెలిసింది. కొంగలు పైనే ఎగురుతున్నాయి.

ఒడ్డు మీద నాంచారమ్మ నిలబడి ఉంది. మొహం అదోలా ఉంది.

“నీటిలో పారేద్దామని తీశాను. అనుమానమొచ్చి నాలిక్కి రాసుకున్నాను. ఇది నల్లమందు కాదయ్యా.”

“మరి?”

“నేలవేము. మా అమ్మ మాకు జ్వరాలకి పోసేది. ఈ చేదు నేను మర్చిపోను.”

“నిన్న ఆయన సంచిలో అసలుది దొరికిందిగా.”

“వేరే లంకల్లో ఈ మధ్యే ఆయన దగ్గర మొదలుపెట్టినవాళ్లకి కాస్త అసలుది కలపొద్దా? నీకూ మొదట్లో అలాగే కలిపి ఉంటాడు. తగ్గించుకుంటూ వచ్చాడు.”

ముత్యాలరాజు వల లాక్కుంటూ ఒడ్డెక్కాడు. “ఒక్క మాట చెప్పొచ్చుగా.”

“చెబితే నువ్వు మింగేవాడివా?”

పడిన చేపల్ని ఆమెకి వదిలేసి, తడిపంచెతోనే దోనె ఎక్కి కైకలూరు వెళ్లాడు.

“ఆయన్ని నిన్ననే ఏలూరు పంపేశారు,” అన్నాడు జవాను. “సరుకు తనదేనని ఒప్పుకున్నాడు. ఇంక చేసేదేం లేదు. పేరు మాత్రం చెప్పలేదు. నీకు తెలుసా?”

“తెలీదండీ.”

“పేరు తెలియని మనిషి కోసం ఇంత దూరం వచ్చావా? నువ్వూ ఆయన దగ్గర నల్లమందు కొన్నవాడివేనా?”

“కాదండీ,” అన్నాడు ముత్యాలరాజు, “నాకు వైద్యం చేసింది ఆయనేనండీ.”