చేటెడు నూకలు

"ఆ దేశపోల్లని మొగం సూసే సెప్పేత్తాను. కాయితాలెందుకు?" అన్నాడు నూకయ్య, చొక్కా తొడుక్కుంటూ.

వీధిలో కుర్రాళ్లు జెండాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నిమ్‌పురా రైల్వే యార్డు పక్కన గుడిసెలు వేసుకున్నవాళ్లంతా బంగ్లాదేశ్ వాళ్లేనని నూకయ్య తేల్చేశాడు. ఇవాళ ఖాళీ చేయించి తీరాలి.

"ఒరే, ఆల్లలో పసిబిడ్డ తల్లి ఉందిరా. ఒగ్గీరా," అంది దాలమ్మ, బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టి.

"నువ్వూరుకోవే అమ్మా. దేశమంటే ధర్మసత్రమేటి?"

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ నూకయ్యకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పొరుగు దేశం పేరెత్తితే మరీను. అయినా తెలుగువాళ్లుండే ట్రాఫిక్ కాలనీలో అతనంటే అందరికీ ముద్దే. దాలమ్మ బిడ్డలు ముగ్గురు పురిట్లోనే పోయారు. నాలుగో పురుడు పుట్టింట్లో పోసుకుంది. ఈసారైనా దక్కాలని, సిక్కోలు ఆనవాయితీ ప్రకారం బిడ్డని పరాయి మనిషి చేతిలో పెట్టి, చేటెడు నూకలిచ్చి తిరిగి కొనుక్కుందట. భూమ్మీద నూకలున్నాయి, బతికాడు. ఆ పేరే పెట్టింది. ఈ ముచ్చట తెలియని ఇల్లు కాలనీలో లేదు.

సాయంత్రానికి నూకయ్య తిరిగొచ్చాడు. కాళ్ల నిండా బురద. గొంతు బొంగురుపోయింది.

"అందర్నీ తరిమేసినాం. ఆ పసిబిడ్డ తల్లి ఏటి సేసిందో తెలుసా? 'దాదా, నాను పోతాను, ఈడు ఇక్కడైతే బతుకుతాడు' అని పిల్లాణ్ని నా సేతుల్లో ఎట్టీసింది!"

రాత్రి వంటకి బియ్యం చెరుగుతున్న దాలమ్మ చేట కిందికి దించింది. "నువ్వేటి సేసినావు?"

"ఎనక్కిచ్చేసినాను. ఆ దేశం పిల్లాడు మనకెందుకు? కన్నబిడ్డని ఒగ్గీసే తల్లి ఉంటాదేటి? అసలాల్లు మనుసులేనా?"

దాలమ్మ కొడుకు ముఖంలోకి చూసి, చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. చేటలో బియ్యం మీద కన్నీళ్లు టపటపా రాలాయి. ముసలిదాని చాదస్తం అనుకుంటూ నూకయ్య కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

బంగ్లాదేశ్ యుద్ధం జరిగిన ఏడాది, నాలుగో బిడ్డనూ మట్టికిచ్చి, పుట్టింటి నుంచి వట్టి ఒడితో ఖరగ్‌పూర్‌లో రైలు దిగిన దాలమ్మకి, సరిహద్దు దాటొచ్చి ప్లాట్‌ఫారం మీద కూలబడిన ఓ తల్లి, చేటెడు నూకలు కొంగున పోయించుకుని, 'ఇక్కడైతే బతుకుతాడు' అని ఇచ్చేసిన బిడ్డే నూకయ్య.