గాజులామె వేషం

"ఒక మనిషి తక్కువ. గాజులామె వేషం ఎవరు కడతారు?" ఆట ఆడించడానికి వచ్చిన త్రివేణి అడిగింది.

జవళగిరి మహిళా సంఘం ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

రాసిన మాటలు లేని ఆట అది. వేషానికి తగ్గట్టు ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడాలి. చిన్నపిల్లకు పెండ్లి చేస్తున్న ఇంటి కథ.

నంజమ్మకు తల్లి వేషం ఇచ్చింది త్రివేణి. కావాలనే. ఆమె కూతురు రంజిత తొమ్మిదో తరగతి. శుక్రవారమే పెండ్లి. ఎంత చెప్పినా వినని నంజమ్మ, ఆటలోనైనా తన నోటితో వద్దంటుందేమోనని ఆశ.

పెండ్లికూతురు వేషం రంజితదే.

గుమ్మం దగ్గర ఎవరో కొత్తామె.

"యాడి నుంచమ్మా?" అడిగింది త్రివేణి.

"దూరమమ్మా. బస్సుకు నిలబడినాను."

"రామ్మా. ఈ పిల్లకు గాజులు తొడిగినట్టు చేసి పక్కకు పో. అంతే."

కొత్తామె రంజిత చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

"ఈ చేతికి ఏ గాజూ నిలవదమ్మా. జారిపోతాది."

"పెండ్లయినాక లావైతుందిలే!" అంది నంజమ్మ.

అందరూ గొల్లున నవ్వారు. కొత్తామె నవ్వలేదు.

"పెండ్లికొడుకు ఇల్లు చూసినారా?"

"ఫ్యాక్టరీ గేటుకాడ మనిషినే చూసొచ్చినాడు మా తమ్ముడు. ఇల్లెందుకు?" అంది నంజమ్మ.

"ఇంట్లోకి పోయినాడా అని అడగతా ఉండాను."

త్రివేణికి కంగారు పుట్టింది. తండ్రి వేషం కట్టిన అంగాళమ్మ, బొగ్గు మీసంతో ఇంకా కాచుకునే ఉంది. తల్లీ తండ్రీ వాదించుకోవాల్సిన చోటే రాలేదు. ఇంత చిన్న వేషం కథంతా మింగేస్తే నంజమ్మ మనసు మారేదెప్పుడు?

"అమ్మా, నీ వేషం అయిపోయింది."

"ఇంకొక్క మాటమ్మా..."

"గాజులామెకు అన్ని మాటలుండవు. పక్కకు రా."

కొత్తామె చెయ్యి మెల్లగా వదిలింది. బస్సు రాకముందే నడిచి వెళ్ళిపోయింది.

అంగాళమ్మ, నంజమ్మ బాగా వాదించుకున్నారు. ఆటలో పెండ్లి ఆగిపోయింది. చప్పట్లు.

"ఆట బలే ఉండాదమ్మా," అంది నంజమ్మ చీర దులుపుకుంటూ. "శుక్రవారం భోజనానికి నువ్వు తప్పక రావాల."

పెండ్లి జరిగిపోయింది.

ఆదివారం రంజితను అత్తింట్లో దిగబెట్టడానికి మూకండపల్లికి బయలుదేరారు. రంజిత తన కొంగు పట్టుకుని వదలకపోవడంతో త్రివేణి కూడా బస్సెక్కింది.

వీధి మొదట్లోనే పెండ్లికొడుకు నడక నెమ్మదించింది.

"ఏ ఇల్లప్పా?" అడిగింది నంజమ్మ.

వేలు చూపించాడు. నంజమ్మే తలుపు తట్టింది.

తలుపు తీసిన గాజులామె చంకలోంచి ఒక బిడ్డ, "నాయనా" అంటూ పెండ్లికొడుకు వైపు చేతులు చాచింది.