పద్నాలుగో దెబ్బ

మంచును దిమ్మలా కోసి, దాని మీద పార బోర్లించి, స్మృతి అరచేత్తో కొడుతూ లెక్కపెడుతోంది. పద్నాలుగో దెబ్బకు దిమ్మ నడిమికి తెగి ముందుకు జారింది.

"అదేంటమ్మా, అలా ఊడొచ్చింది?" రాధాకృష్ణ వింతగా వంగి చూశాడు. యాభయ్యో పుట్టినరోజుకు మంచుకొండ ఎక్కుతానని భార్య రేణునీ, ఫణి, సుబ్బులు దంపతులనీ రెడ్‌మండ్ నుంచి వెంటేసుకొచ్చిన మనిషి. గైడ్ స్మృతి ఆయన స్నేహితుడి కూతురు.

"లోపల వీక్ లేయర్ ఉంది అంకుల్. షుగర్‌లా, చూడండి." తెగినచోట గీకితే మంచు గింజలు గింజలుగా రాలింది. "పైన స్నో అంతా దీని మీదే కూర్చుంది. మనం వెయిట్ పెడితే స్లోప్ మొత్తం కిందకి రావచ్చు."

"రావచ్చా, వస్తుందా?"

"ముప్పై కొట్టినా పడకపోతే గుడ్. ఫోర్టీన్ అంటే మధ్యలో. ష్యూర్‌గా చెప్పలేం."

"మరింకేం! అటు చూడు, ఎవరో ఎక్కిన ట్రాక్స్ కూడా ఉన్నాయి."

స్మృతి అటు చూడలేదు. "మాకో రూల్ ఉంది అంకుల్. ఒక్కరు నో అన్నా అందరం వెనక్కే. ఆంటీ, మీరు?"

"ఆయన బర్త్‌డే కదా, నాకు ఓకే," అంది రేణు.

"ఓకే," అన్నాడు ఫణి, బూట్లు చూసుకుంటూ.

"అందరూ ఎలాగంటే అలాగే," అంది సుబ్బులు.

ఒక్క ముఖంలోనూ ఓకే లేదు. స్మృతి నోట్‌బుక్ కాగితాలు చింపి పంచింది. "పేర్లు వద్దు. వెళ్దామా వద్దా, రాసి ఇందులో వేయండి," అని హెల్మెట్ తిరగేసి పెట్టింది.

రేణు ఒక్కోటీ విప్పి చదివింది. "వద్దు." "నో." "వద్దు బాబోయ్." నాలుగో చీటీ చూసి ఆగిపోయింది. చేతిరాత మొగుడిది. "మీరూ వద్దనే రాశారా!"

"మీరంతా సరదా పడుతున్నారు కదా, ఎలా కాదనను?" రాధాకృష్ణ నసిగాడు.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్లు ఏనాడో సామెత కట్టారు. ఇక్కడైతే ఏకంగా ప్రాణాలే పోయేవి. గండం గడిచిందని నలుగురూ పడీపడీ నవ్వారు.

"అడుగున ఇంకోటుందే," అంది సుబ్బులు హెల్మెట్‌లోకి చూస్తూ. "మనం నలుగురమే కదా?"

స్మృతి ముఖం కందిపోయింది. రేణు చీటీ విప్పింది.

"నాకు భయంగా ఉంది. డాడీ ఫ్రెండ్‌కి నో చెప్పలేకపోతున్నాను. ఎవరైనా చెప్పండి, ప్లీజ్."