కొత్త స్పీకర్లు

"కేబుల్ ఎందుకు పీకించావు? ఈ స్పీకర్లెందుకు? నా మాట నీ చెవిన పడకూడదనేగా?" అని నిలదీసింది అత్తగారు.

కోడలు అటు తిరిగి టీవీ వెనకాల వైర్లు బిగిస్తూనే ఉంది. పిలిస్తే పలకకపోవడం ఈమధ్య ఆమెకు అలవాటైపోయింది. అత్తగారికి ఒళ్లు మండి, భుజం పట్టుకుని ఇటు తిప్పింది.

కోడలు ఉలిక్కిపడింది. "పిలిచారా అత్తయ్యా?"

"నాటకాలాడకు. ఎందుకే నీకింత పొగరు?"

కోడలి చూపు అత్తగారి పెదవుల మీదే నిలిచింది. "పొగరు కాదత్తయ్యా, వినపడటం లేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఈ ఇంటర్నెట్ టీవీలో అయితే మాటలు కింద అక్షరాల్లో వస్తాయి. స్పీకర్లుంటే కుడి చెవికి కాస్త అందుతుంది. ఆయనకు చెప్పడానికి ఇంకా ధైర్యం చాలడం లేదు."

పలకలేదని తను విసిరిన మాటలన్నీ గుర్తొచ్చి అత్తగారు తల దించుకుంది. వెంటనే, కోడలికి తన పెదవులు కనపడాలని తలెత్తింది.

"నువ్వు చెప్పేదాకా నేను చెప్పనులే," అంది మెల్లగా.

సాయంత్రం కొడుకు వచ్చేసరికి ఇల్లు దద్దరిల్లుతోంది.

"ఎవరు పెట్టారింత సౌండు?" అని అరిచాడు.

కోడలు బెదురుగా చూసింది. అత్తగారు రిమోట్ ఒళ్లోకి లాక్కుంది.

"నేనేరా! నాకు సరిగ్గా వినపడి చావట్లేదు."