సేమియాలో సగం గాజు

శుక్రవారం అమ్మవారికి పాయసం వండుదామని యమున సేమియా ప్యాకెట్ మూతి కత్తిరించింది.

సేమియా కంటే ముందు ఒక పచ్చగాజు ముక్క పళ్లెంలో పడింది.

చిన్న పెంకు కాదు. సరిగ్గా సగం గాజు.

యమున చెయ్యి దానంతటదే మెడలోని తాళిబొట్టు మీదకు పోయింది. మగ్గం గుంతలో కూర్చుని చీర నేస్తున్న భర్త అమర్‌నాథ్‌ను ఒకసారి తొంగి చూసుకుని వచ్చింది.

"అమ్మా, నీకేం తక్కువ చేసినానని శుక్రవారం పూట ఇది చూపించినావు?" అని పటం ముందు నిలబడి అడిగింది.

పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లోకి వేరే కంపెనీ సేమియా రాలేదు. పగిలిన గాజు కంటే, నమ్మినవాళ్లే పంపారన్నది ఆమెను ఎక్కువ కుదిపింది.

ప్యాకెట్ పట్టుకుని అమీర్‌సాబ్ అంగడికి పోయింది. ధర్మవరంలో వాళ్లకు సరుకులన్నీ ఆ అంగడి నుంచే.

"తప్పేమ్మా. వేరే ప్యాకెట్ ఇస్తా, తీసుకో."

"ప్యాకెట్ కాదు సాబ్, నాకు జవాబు కావల్ల. ముత్తైదువ ఇంటికి పగిలిన గాజు పంపిస్తారా?"

"జవాబు కావల్లంటే హిందూపురం పోవల్ల. కంపెనీ ఆడ ఉండాది."

"పోతా."

మరునాడు పొద్దున్నే రైలెక్కింది. పెనుకొండ దాటినా ఒడిలోని సంచి మీద పట్టు సడలించలేదు.

కంపెనీ గేటు దగ్గర, ప్యాకెట్లు నింపే ఆడవాళ్లు గాజులు తీసి వాచ్‌మన్ దగ్గరి డబ్బాలో వేసి లోపలికి పోతున్నారు.

అది చూసి యమునకు ఇంకా మండింది.

"అందరూ గాజులు తీసే పోతాండారే! మరి ఇది యాడినుంచి వచ్చె?" అంటూ సగం గాజు తీసి వాచ్‌మన్ ముఖం ముందు పెట్టింది.

వరుసలో చివరనున్న ఒకామె గబగబా దగ్గరికి వచ్చింది. ఆమె చేతులు రెండూ బోసిగా ఉన్నాయి.

"అక్కా, ఆ సేమియా వండినారా?"

"అందులో గాజుంటే ఎట్ల వండుతారమ్మా?"

"పిల్లోళ్లు ఎవరూ తినలేదు కదా?"

"లేదు."

"అల్లా దయ." ఆమె ముఖంలో నవ్వు వచ్చింది.

ఆ నవ్వు యమునకు పుండు మీద కారం చల్లినట్టయింది. "నవ్వొస్తాందా నీకు?"

"అది కాదక్కా, మీతో ఒక మాట..."

"ఏయ్ జమ్రూద్! ఆడ ఏం ముచ్చట్లు? లోపలికి నడువు," అని వాచ్‌మన్ గదమాయించాడు.

జమ్రూద్ వెనక్కి తిరిగింది. ఆమె కొంగున కట్టిన మూట గలగలమంది.

లోపల యజమాని మధు కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించాడు. గాజు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పొరపాటున పడింది కాదమ్మా. ఎవరో కావాలనే వేసినారు, మా పేరు చెడగొట్టల్లని."

యమునకు కొంగు మూట గుర్తుకొచ్చింది.

మధు వెంట ప్యాకింగ్ గదిలోకి పోయి, వేలెత్తి చూపింది. "ఈమే."

మధు మూట విప్పించాడు. కొత్త పచ్చగాజులు నేల మీద దొర్లాయి.

"నీకూ మొగుడు ఉండాడు కదా?" యమున నిలదీసింది. "గాజు విరిచి ఇంకో ఆడదాని ఇంటికి పంపేదానికి నీకు మనసెట్ల వచ్చె?"

జమ్రూద్ కాదనలేదు. "అక్కా, ఆ పిండిలో..."

"నోరు ముయ్!" మధు అరిచాడు. "నా కూలి తింటా నా కడుపే కొడతావా? పో బయటికి!"

వాచ్‌మన్ రెక్క పట్టి లాగుతుంటే, గడప దగ్గర ఆమె వెనక్కి తిరిగింది.

"ఈడ ఏమిచ్చినా ఇంటికి తీసుకుపోవద్దక్కా!"

"చూసినారా కడుపుమంట!" అన్నాడు మధు.

సంచి నిండా కొత్త సేమియా ప్యాకెట్లు పెట్టి, చేతులు జోడించి సాగనంపాడు.

యమున తీసుకుంది. అమ్మవారే న్యాయం చేసిందనుకుంది.

మళ్లీ శుక్రవారం వచ్చింది.

కొత్త ప్యాకెట్‌లో గాజు లేదు. నిశ్చింతగా పాయసం వండి, నైవేద్యం పెట్టింది. గిన్నెలో పోసి, "భారతీ, రా తల్లీ" అని కూతుర్ని పిలిచింది.

భారతి కంటే ముందు అమీర్‌సాబ్ వచ్చాడు. ఒగరుస్తున్నాడు. కాళ్లకు చెప్పులు కూడా లేవు.

"మ్మా, ఆ సేమియా వండినావా?"

అదే ప్రశ్న. యమున చేతిలో గిన్నె ఆగిపోయింది.

"పిల్లకు పెట్టొద్దు! పిండి మూటల్లో ఎలుకల మందు కలిసినాదంట. ఆడోళ్లు పారెయ్యమన్నా ఓనరు వినలేదంట. చెన్నేకొత్తపల్లిలో పిల్లోళ్లు ఆస్పత్రిలో ఉండారు. అధికార్లు ఇప్పుడే వచ్చి మా అంగట్లో ప్యాకెట్లన్నీ ఎత్తుకుపోయిరి."

యమున గిన్నెను అందకుండా పైన పెట్టింది. "మరి... నాకు వచ్చిన ఆ గాజు?"

"ఆడ పనిచేసే ఆమె ఎవరో వేసినాదంట. పగిలిన గాజు కనపడితే ఏ ఇంట్లోనూ పొయ్యి మీద పెట్టరని, తన చేతి గాజులే విరిచి ఒక్కో ప్యాకెట్‌లో వేస్తా వచ్చిందంట."

పటంలోని అమ్మవారి చేతుల నిండా పచ్చగాజులు. యమున అటు చూడలేకపోయింది.

"ఆమె చేతి గాజులు అయిపోతే?" అని మెల్లగా అడిగింది, జవాబు తెలిసే.

"కొత్తవి కొని కొంగున కట్టుకుని పోయిందంటమ్మా," అన్నాడు అమీర్‌సాబ్, "ఆ పొద్దే ఎవరో మహాతల్లి వేలు పెట్టి చూపించి, ఆమెను బయటికి గెంటించిందంట."