సంతకం లేని చీటీ

"సంతకం ఏదీ?" అంది గమేయా, చీటీ అడుగున వేలు పెట్టి.

పడవ దిగిన ముసలావిడ మోకాలి లోతు నీళ్లలోనే నిలబడింది. చంకలో చుట్టిన చాప ఉంది.

"మా కౌన్సిలర్ వానల్లో పోయాడమ్మా. కొత్తాయన్ని ఇంకా పెట్టలేదు. చర్చి పాస్టరు రాసిచ్చాడు."

"పాస్టరు రాస్తే చెల్లదు, అవ్వా."

ఆ దీవి ఆస్ట్రేలియాది. ఎదురుగా కనిపించే ఒడ్డు పాపువాది. మధ్యన ఉన్నది నాలుగు కిలోమీటర్ల నీళ్లే. రెండు ఒడ్లవాళ్లూ తాతల నాటి నుంచీ చుట్టాలు కనుక, వచ్చిపోవడానికి పాస్‌పోర్టు అడగరు. ఊరి కౌన్సిలర్ సంతకం చేసిన చీటీ ఒక్కటి ఉంటే చాలు.

ఆ సంతకం చూసి ఒడ్డెక్కించడమే గమేయా ఉద్యోగం. పోయిన నెల సంతకం లేని ఒకణ్ణి జాలిపడి రానిచ్చి, పైవాళ్లతో చీవాట్లు తింది.

అదీగాక ఆ రోజు ఆమె మనసు మనసులో లేదు. తల్లి పోయి మూడేళ్లు. ఆ మధ్యాహ్నమే సమాధి రాయి తెరవడం. రాయి మీద కప్పిన గుడ్డ లాగేశాక ఊరంతా ఏడుపు మాని, తిని, ఆడి పాడే రోజు అది.

ఆ గుడ్డ ఎవరు లాగాలో తల్లి పోయేముందే చెప్పింది.

"నీకు పేరిచ్చినావిడ లాగాలి. మాటివ్వు."

నలభై ఏళ్ల కిందటి మాట. తల్లి ఆవలి ఒడ్డు నుంచి వస్తుంటే నడినీళ్లలో పడవ ఇంజను ఆగిపోయింది. పడవలోనే నొప్పులొచ్చాయి. ఎవరో ఒకావిడ ఆ గాలివానలో ఒంటరిగా తెడ్డు వేసుకుంటూ వచ్చి, పురుడు పోసి, బొడ్డు కోసి, తల్లినీ బిడ్డనీ ఒడ్డు చేర్చింది. ఏమిచ్చినా పుచ్చుకోలేదు. పేరూ ఊరూ మాత్రం చెప్పి వెళ్లిపోయింది. ఆ పేరే బిడ్డకి పెట్టుకున్నారు. ఒకరి పేరు ఇంకొకరికి పెడితే, అక్కడ ఆ ఇద్దరిదీ రక్తసంబంధమే.

ఆరు నెలలుగా గమేయా వచ్చిన ప్రతి పడవనీ అడిగింది. "ఆ ఊరిని ఏరు కోసేసింది, మనుషులు చెల్లాచెదురయ్యారు" అన్నారే తప్ప ఎవరూ ఆచూకీ చెప్పలేదు.

"రాయి తెరవడానికే వచ్చానమ్మా," అంది ముసలావిడ.

"పొద్దున్నుంచి ఆ మాట చెప్పినవాళ్లలో నువ్వు పన్నెండోదానివి. తాబేలు కూర వాసన మీ ఒడ్డు దాకా వచ్చినట్టుంది."

ముసలావిడ నవ్వింది. పళ్లు రెండే ఉన్నాయి.

"కూర నేనేం నమలగలను తల్లీ. పులుసు పోస్తే చాలు."

పక్కన తాళ్లు కడుతున్న అనీబా మామ కూడా నవ్వాడు. "పోనీవే. ఒక్క పూటేగా."

"నా ఉద్యోగం పోతే నువ్వు పెడతావా మామా?"

మామ తాళ్లలోకి తల దించేశాడు.

"నీ పేరేంటమ్మా?" అంది ముసలావిడ.

గమేయా చొక్కా మీది బిళ్ల చూపించింది. "ఇదుగో, రాసే ఉంది."

"నాకు చదువు రాదు తల్లీ."

అప్పటికే ఇంకో పడవ ఒడ్డుకి తగిలింది. గమేయా అటు తిరిగింది.

ముసలావిడ గొడవ పెట్టుకోలేదు. చాప అనీబా చేతిలో పెట్టింది.

"దీన్ని రాయి ముందు పరుచు తమ్ముడూ. ఆ తల్లి నాకు చేసిన గౌరవం ఇంకెవరూ చేయలేదు. నా దండం చెప్పు."

పడవెక్కి, గమేయా కేసి చూసి, "నీ పని నువ్వు చేశావులే. చల్లగా ఉండు," అంది.

మధ్యాహ్నం ఆ చాప మీదే నిలబడి, రాని మనిషి బదులు అనీబా మామ గుడ్డ లాగాడు. డప్పులు మోగాయి. కొబ్బరిపాలలో ఉడికిన చేమదుంపలు, తాబేలు కూర అందరూ కడుపునిండా తిన్నారు.

గమేయా మాత్రం ఒక ఆకులో అన్నీ వడ్డించి పక్కన పెట్టింది.

"ఎవరికే అది?"

"నాకు పేరిచ్చినావిడకి. ఎక్కడున్నా చల్లగా ఉండాలి మామా. ఆవిడ లేకపోతే నేనే లేను."

సాయంత్రం ఆఫీసు గదిలో, వెనక్కి పంపినవాళ్ల చీటీలు కట్టగడుతూ, పొద్దున అడుగు మాత్రమే చూసిన ఆ చీటీని పై నుంచి చదివింది.

వచ్చేవారి పేరు దగ్గర 'గమేయా' అని ఉంది. పాస్టరు పొరపాటున తన పేరు రాసేశాడనుకుంటూ కింది వరస చదివింది: 'నడినీళ్లలో నా చేతుల్లో పుట్టి, నా పేరు మోస్తున్న బిడ్డను ఒక్కసారి చూసుకోవడానికి.'