అందరికీ తెలిసిన పొట్ట

దేశంలో డాక్టర్లంతా పొట్ట నొక్కి చూడటం ఒకే వీడియో చూసి నేర్చుకుంటున్నారు. ముప్ఫయ్యేళ్ల కిందట ఆ వీడియో కోసం పరీక్ష బల్ల మీద పడుకున్నది కాకినాడ రత్నకుమారి.

ఇవాళ ఆమె నొప్పితో ఆస్పత్రికి వచ్చింది. బొడ్డు పక్కన పుట్టుమచ్చ చూడగానే డాక్టర్ నిఖిత గుర్తుపట్టింది.

"మీరా అండీ. మీ పొట్టే మా అందరికీ పాఠం."

వీడియోలో చూపించిన వరసలోనే నొక్కింది. ఆరోగ్యమైన పొట్ట అంటే ఆమెకు తెలిసింది ఇదొక్కటే.

"అంతా బాగుందండీ."

"ఆ పొట్టకి నొప్పి లేదమ్మాయ్. దీనికుంది."

నిఖిత చెయ్యి ఆగింది. మళ్లీ నొక్కుతూ, మొదటిసారి తలెత్తి ఆమెను చూసింది. కుడి డొక్క కింద వేళ్లు ఆనగానే రత్నకుమారి కనుబొమలు ముడిపడ్డాయి.

వీడియోలో ముఖం లేదు.